ప్రార్థనలో నిరాశను దాచుకోవాలా?

రోజూ రాత్రి ప్రార్థిస్తున్నా అవే మాటలు నోటికి వస్తున్నాయని, లోపల నమ్మకం లేకుండానే పైకి స్తోత్రాలు చెబుతున్నానని, నిజాయితీగా, ఆశతో ప్రార్థించడం ఎలాగని మీరు అడిగారు. ఇంట్లో ప్రార్థన ఎండిపోయేది తీరిక లేక కాదు, తలుపు వేసుకున్నాక కూడా మందిరంలో పెద్దలు వాడే మాటలనే వల్లించడం వల్లనని నా గట్టి నమ్మకం.

మాది ఒంగోలు ప్రాంతంలో పొగాకు వేసే ఊరు. 2015లో ధరలు పడిపోయినప్పుడు నాన్న వేలానికి తీసుకువెళ్లిన బేళ్లను అడిగేవారు లేక తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. కౌలు డబ్బు, పొగాకును ఆరబెట్టే బ్యారన్‌లో కాల్చిన పుల్లల బాకీ, కూలీలకు ఇవ్వవలసినది అన్నీ అలాగే ఉన్నాయి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆయన అలవాటు ప్రకారం “ఈ దినమంతా కాచి కాపాడిన తండ్రీ, నీకు వందనాలు” అని మొదలుపెట్టగానే అమ్మ కళ్లు తెరిచి, “ఉన్నది చెప్పయ్యా. బేళ్లు ఎనక్కి వచ్చినయ్యని చెప్పు. కడుపు మండతా ఉందని చెప్పు. ఆయనకు తెలవదా ఏంది?” అన్నది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఎవరికెంత ఇవ్వాలో ఒక్కొక్కటిగా, పొలం గట్టు మీద మనిషితో మాట్లాడినట్టే చెప్పి, అప్పు ఇచ్చినాయన రేపు ఇంటికి వస్తే అబద్ధం ఆడకుండా నిలబడే ధైర్యం మాత్రం ఇవ్వమని అడిగారు. అప్పు ఆ ప్రార్థనతో తీరలేదు. కొంత పొలం అమ్మిన తరువాతే తీరింది. అయినా ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ప్రార్థన ఆగలేదు, ఎందుకంటే మరునాటికి చెప్పుకోవలసింది ఎప్పుడూ మిగిలే ఉండేది.

ఆదివారం మందిరంలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇదే. ఉద్యోగం వచ్చినవారికి, వీసా వచ్చినవారికి మైకు అందుతుంది. ఇంకా ఎదురుచూస్తున్నవారికి ఎవరూ అందించరు. ఒంగోలు ప్రార్థన కొండ కథనూ ఇలాగే కుదించి, అక్కడ ప్రార్థించారు, ఇక్కడ వేలమంది వచ్చారు అని ప్రసంగాలలో ఒక్క వాక్యంలో ముగిస్తారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొర కొద్దిమందితో ఆ కొండ ఎక్కేనాటికి, నెల్లూరు మిషన్‌ను మూసివేయాలన్న మాట అమెరికాలో అప్పటికే వచ్చి ఉంది. అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో. గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలై 3న, అదీ ఘోరమైన కరువు తరువాత. నడుమ గడిచిన ఆ ఇరవై నాలుగేళ్లను చెప్పకపోతే, నెలలో జవాబు రాని వాడు తన విశ్వాసంలోనే లోపం ఉందనుకుంటాడు.

కాబట్టి ఈ రాత్రి స్తోత్రాలతో కాక, ఆ రోజు మిమ్మల్ని నిజంగా బాధపెట్టిన ఒక్క విషయంతో, ఇంట్లో మాట్లాడే మాటలతోనే మొదలుపెట్టండి. అడిగేది కూడా రేపటికి సరిపడేంతే అడగండి. ఇది అవిశ్వాసమని ఎవరైనా గద్దిస్తే బైబిల్లోని 88వ కీర్తన చదివి వినిపించండి. అది మొదటి నుంచి చివరి వరకు మొరే, ముగిసేది కూడా చీకటిలోనే. అయినా దాన్ని ఎవరూ గ్రంథంలో నుంచి తీసివేయలేదు.