హత్య జరిగిన రోజు నుంచి మొదలుపెట్టకు

చి. అమ్ములుకి,

అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ల మీద జరిగిన మూకహత్యల్ని, మన పల్లెల్లో దళితుల మీద జరిగిన దాడుల్ని పక్కపక్కన పెట్టి పీహెచ్‌డీ చేస్తానని రాశావు. చాలా సంతోషమైంది. ఇన్నేళ్లు సోషియాలజీ చెప్పినదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను. హత్య జరిగిన రోజు నుంచి మొదలుపెట్టకు. అంతకుముందు అక్కడ ఏం మారిందో పట్టుకో.

1892లో మెంఫిస్‌లో ముగ్గురు నల్లవాళ్లను జైల్లోంచి లాక్కెళ్లి చంపారు. వాళ్ల కిరాణా కొట్టు ఒక తెల్లవాడి కొట్టుకు పోటీగా నిలబడింది. 1985లో కారంచేడులో తాము తాగే చెరువు దగ్గర కుడితి బకెట్ కడగొద్దని మాదిగలు అన్నారు. మర్నాడు వాళ్లలో ఆరుగురిని చంపారు. 1991లో చుండూరులో గొడవ సినిమా హాల్లో కాలు తగలడంతో రాజుకుంది. ఎనిమిది మంది దళితులు పోయారు. కొట్టు, చెరువు, సినిమా హాలు. మూడు చోట్లా కింద ఉండాల్సినవాళ్లు అనుకున్నవాళ్లు సమానంగా మసలడం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో మొదట డిగ్రీ చదివిందెవరు, కూలికి రామన్నదెవరు, ఎప్పుడు? నీ అసలు అధ్యాయం అదే.

అలాగని కులమూ జాతీ ఒకటేనని తొందరపడి రాసేయకు. దేని చరిత్ర దానిదే.

కాగితాలు చదివేటప్పుడు నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్‌ను గుర్తుపెట్టుకో. మెంఫిస్‌లో చనిపోయినవాళ్లలో ఒకరు ఆమె స్నేహితుడు. నల్లవాళ్లు అత్యాచారాలు చేసినందుకే చంపుతున్నామనే వాదనను ఆమె తెల్లవాళ్ల పత్రికలు అచ్చేసిన లెక్కలతోనే కూల్చింది. ఎంత ధైర్యమో చూడు! నువ్వూ ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు మూడూ పక్కన పెట్టుకుని చదువు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ రెండు తీర్పుల్లో ఒకే సాక్షి మాటను ఎలా తూచారో చూడు. పాత పత్రికలకు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లు.

దాడితో ఆగకు. కారంచేడు తర్వాతే దళిత మహాసభ పుట్టింది, 1989లో ఎస్సీ, ఎస్టీల మీద దాడుల్ని, వేధింపుల్ని ఆపే అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, తెలుగు కవిత్వం గొంతు మారింది. రాజకీయాలు, సంస్కృతి విడివిడి అధ్యాయాలుగా రాస్తే ఈ సంబంధం తెగిపోతుంది.

ఊరికి వెళ్తే మొదటిసారి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకు. చావు గురించి నువ్వు ముందు అడగకు. పిల్లల చదువులు, పొలం, పెళ్లిళ్లు అడుగు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు. పేర్లు మార్చు. పేరొక్కటే మారిస్తే చాలదు, ఇంటి ఆనవాళ్లు కూడా తీసేయాలి. ఆ మనుషులు ఇంకా అదే ఊళ్లో బతకాలి కదా.

రాత్రిపూట వాంగ్మూలాలు టైప్ చేస్తూ కూర్చోకు, నిద్ర పట్టదు. పగలు చెయ్యి, సాయంత్రం ఎవరితోనైనా మాట్లాడు. ప్రపోజల్ కాపీ ఒకటి నాకు పంపు, గైడ్‌కి ఇచ్చేలోపు చదివి పెడతాను.

దీవెనలతో,
పెద్దమ్మ,
తార్నాక, హైదరాబాద్