ప్యాకేజ్ పేజీలో ఎంఐటీ అని ఉంటే చాలా?

"మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో వాడే ప్రతి లైబ్రరీకీ లైసెన్స్ రివ్యూ చేయాలా? ప్యాకేజ్ పేజీలో ఎంఐటీ అని ఉంటే సరిపోదా?" అని అడిగారు. సరిపోదు. లైబ్రరీ అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన, మనం తెచ్చి వాడుకునే కోడ్. ఎంఐటీ అంటే పెద్దగా షరతుల్లేకుండా వాడుకోనిచ్చే లైసెన్స్. ప్యాకేజ్ పేజీలో, అంటే లైబ్రరీని దించుకునే చోట, ఉండేది ప్యాకేజ్ పెట్టినాయన మాట మాత్రమే. లోపలి ఫైళ్లు ఎవరివో అది చెప్పదు.

మాది కావలి. మా చిన్నాన్న కొడుకూ నేనూ రొయ్యల చెరువులకు ఓ చిన్న యాప్ రాస్తున్నాం. మేత ఎంత పడింది, కౌంట్ ఎంతకొచ్చింది, ఏరేటర్ల కరెంటు బిల్లెంత, ఇవే అందులో లెక్కలు. కోడ్ అపాచీ 2.0 అనే లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశాం. గ్రాఫుల కోసం వాడొక లైబ్రరీ తెచ్చాడు. "ఎంఐటీ అనుంది గదన్నా, ఇంకేం చూస్తాం?" అన్నాడు. ఫోల్డరంతా జీపీఎల్ అనే మాట కోసం వెతికించాను. ఆ కోడ్ కలిపి పంచితే మొత్తాన్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వమనే లైసెన్స్ అది. ఎక్కడో అడుగున ఒక ఫైలు తగిలింది. మొదటి లైన్లో వేరే ఎవరిదో కాపీరైట్, దాని కింద జీపీఎల్ వెర్షన్ 2 మాత్రమే అని నోటీసు. ఎత్తుకొచ్చినాయన ఆ నోటీసు చెరపలేదు, అంతవరకు నయం. అలాంటి కోడ్‌ను అపాచీ 2.0తో కలపడం కుదరదని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే చెబుతుంది. మావాడు మూతి ముడుచుకునే ఆ గ్రాఫు సొంతంగా రాశాడు. ఇప్పుడదే బాగుంది.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2021 మార్చిలో మైమ్‌మ్యాజిక్ అనే రూబీ భాష లైబ్రరీలో జీపీఎల్ డేటా ఫైలు ఉందని బయటపడింది. దాని మీదా ఎంఐటీ అనే ఉండేది. పాత వెర్షన్లు తీసేసేసరికి, రూబీలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రెయిల్స్ ఇన్‌స్టాల్ కాక ఎంతమంది తల పట్టుకున్నారో! వాళ్లలో చాలామంది ఆ లైబ్రరీ పేరే విని ఉండరు. అప్పట్లో రెయిల్స్ వెంట అది తనంతట తానే వచ్చేది మరి. అందుకే లాక్ ఫైల్, అంటే ప్రాజెక్టులోకి వచ్చిన లైబ్రరీలన్నిటి జాబితా, తెరిచి, మీరు పిలవకుండా వచ్చినవాటిని ముందు చూడండి.

ఇక అసలు లైసెన్సే లేని కోడ్. "పబ్లిక్‌గా పెట్టాడు గదా" అంటారు. లైసెన్స్ ఇవ్వకపోతే హక్కులన్నీ రాసినవాడివే. మన వైపు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు సగం ఇలాంటి కోడ్ మీదే నడుస్తున్నాయి, వైవాలో ఒక్క సారూ అడగడు. రికార్డుకు బైండింగ్ ఏ రంగులో ఉండాలో మాత్రం నోటీసు బోర్డులో పెడతారు.