అల్బర్టా విడిపోతే కాల్గరీలో రెండో ఇల్లు లాభమా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా కాల్గరీలో ఉంటున్నాం. నేను ఒక ఆయిల్ కంపెనీలో ఇంజినీరుని. సొంత ఇల్లుంది, లోన్ వచ్చే ఏడాది రెన్యూవల్‌కి వస్తుంది. సేవింగ్స్‌లో సగానికి పైగా మా కంపెనీ షేర్లే. అల్బర్టా కెనడా నుంచి విడిపోతే మరో కువైట్ అవుతుందని, రేట్లు పెరగకముందే ఒక కాండో కొనమని మా బావగారు పట్టుబడుతున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దండి. విడిపోవాలా వద్దా అన్నది అక్కడి ఓటర్ల ఇష్టం. నేను డబ్బు లెక్క వరకే మాట్లాడతాను.

మీ బావగారి మాటలో నిజం లేకపోలేదు. అల్బర్టా నుంచి ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వానికి వెళ్లే పన్నులు, తిరిగొచ్చే ఖర్చు కంటే చాలాకాలంగా ఎక్కువే. ఆదాయం తక్కువున్న ప్రావిన్సులకు ఒట్టావా ప్రభుత్వం ఇచ్చే ఈక్వలైజేషన్ సొమ్ము కింద 1960ల మధ్య నుంచి ఆ ప్రావిన్సుకు ఒక్క డాలరూ రాలేదు. కడుపుమంట ఉండటంలో తప్పులేదు.

కానీ కువైట్‌కు సముద్రం ఉంది, అల్బర్టాకు లేదు. అసలు చిక్కంతా అక్కడే. 2018 చివర్లో పైపులైన్లలో చోటు చాలక అల్బర్టా ముడి చమురు అమెరికా చమురు కంటే బ్యారెల్‌కు 40 డాలర్లకు పైగా తక్కువకు పోయింది. ఉత్పత్తి తగ్గించమని 2019 జనవరి నుంచి ప్రావిన్సు ప్రభుత్వమే కంపెనీలకు ఆర్డర్ వేయాల్సి వచ్చింది. పసిఫిక్ తీరానికి వెళ్లే ట్రాన్స్ మౌంటెన్ లైనును 2018లో 450 కోట్ల కెనడా డాలర్లకు కొని, విస్తరణకు దాదాపు 3,400 కోట్లు పోసి, 2024 మేలో తెరిచింది ఫెడరల్ ప్రభుత్వం. విడిపోతే ఆ లైను తీరాన్ని చేరే నేలా, దాని ఓనరూ రెండూ పరాయి దేశానివే. సముద్రం లేని దేశాలకు పొరుగువాళ్లు దారి ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం అంటుంది గానీ, పైపులైన్లకు అది దానంతట వర్తించదు. ఇద్దరూ విడిగా ఒప్పుకోవాలి.

ఒప్పుకోకపోతే ఏమవుతుందో దక్షిణ సూడాన్ చూపించింది. 2011 జులైలో విడిపోయినప్పుడు ఉమ్మడి సూడాన్ చమురులో సుమారు 75 శాతం వాళ్లకే దక్కింది. రేవుకు వెళ్లే పైపు మాత్రం ఉత్తరాన ఉండిపోయింది. కిరాయి బేరం తెగక 2012 జనవరిలో తమ బావులు తామే మూసుకుని, ఏడాదికి పైగా చమురు ఆదాయం లేకుండా కూర్చున్నారు. అల్బర్టా పరిస్థితి అంత అధ్వానం కాదు. కానీ బేరంలో పైచేయి పైపు ఉన్నవాడిదే.

ఇంకో సంగతి. చమురు తీసినందుకు కంపెనీలు కట్టే రాయల్టీలు 1930 నుంచీ ప్రావిన్సువే, కొత్తగా వచ్చేవి కావు. వాటిని దాచడానికి 1976లో హెరిటేజ్ ఫండ్ పెట్టారు. 1987లో అందులో క్రమం తప్పకుండా వేయడం ఆపేశారు. నార్వే తన ఫండ్‌లో తొలి సొమ్ము వేసింది 1996లో. ఇప్పుడు నార్వే ఫండ్ ముందు అల్బర్టాది చాలా చిన్నది. దాచుకోవడానికి దేశమే కానక్కర్లేదు కదా!

విడిపోతారన్న అనుమానానికే ఖరీదుంటుంది. క్యూబెక్‌లో 1976లో వేర్పాటు పార్టీ గెలిచింది. విడిపోవడంపై రెఫరెండం (ప్రజల ఓటు) జరగకముందే, 1978లో సన్ లైఫ్ అనే బీమా కంపెనీ తన హెడ్డాఫీసును మాంట్రియల్ నుంచి టొరంటోకు మార్చేస్తున్నట్టు ప్రకటించింది. కాల్గరీ డౌన్‌టౌన్ కాండోలు అద్దెకు పోయేది హెడ్డాఫీసులను నమ్ముకునే.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ జీతం, ఇల్లు, షేర్లు మూడూ చమురు ధర మీదే ఉన్నాయి. కాండో నాలుగోది అవుతుంది. నాకు టెన్షన్ పెట్టేది రెఫరెండం కన్నా ఇదే. అల్బర్టా కెనడాలోనే ఉన్నా, చమురు పడితే నాలుగూ ఒకేసారి పడతాయి.

మీరు షేర్లు కొంటే కంపెనీ తన వాటా కలిపి ఇస్తుంటే ఆ స్కీము మానకండి, కానీ అమ్మే వీలు రాగానే అమ్ముతూ ఉండండి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ (రిటైర్మెంట్ ఖాతా), టీఎఫ్‌ఎస్‌ఏ (పన్ను లేని సేవింగ్స్ ఖాతా)ల్లో ఉన్న షేర్లు ముందు అమ్మండి, అమ్మినందుకు పన్ను పడదు. బయట ఉన్నవి రెండు మూడేళ్లలో విడతలుగా వదిలించుకోండి. ఆ డబ్బు ప్రపంచమంతటి కంపెనీలుండే ఇండెక్స్ ఫండ్‌లో వేయండి. ఆరు నెలల ఖర్చులు బ్యాంకులో విడిగా ఉంచండి. కాండో డౌన్‌పేమెంటు కోసం తీసిపెట్టినది మిగిలితే, రెన్యూవల్ రోజున, అంటే పాత లోన్ ఒప్పందం ముగిసే రోజున, ఇంటి లోన్ అసలులో కట్టేయండి. ఆ రోజు ఎంత కట్టినా పెనాల్టీ ఉండదు.