కంప్యూటర్ సందేహాలు: పాత సీపీయూలో కొత్త గ్రాఫిక్స్ కార్డు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే దారి పట్టాయి. పాత డెస్క్‌టాప్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టి చిక్కుల్లో పడ్డవాళ్లు రాసినవే అన్నీ. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది హెచ్61 బోర్డు, ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. విడిగా పవర్ వైరు అక్కర్లేని జీటీఎక్స్ 1650 కొన్నాను. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ మానిటర్ 'నో సిగ్నల్' అంటుంది. కార్డు తీసేస్తే మామూలే. షాపులో వాళ్ల సిస్టంలో పెడితే చక్కగా పనిచేసింది. మానిటర్ పాత 19 అంగుళాలది, వీజీఏ ఒక్కటే ఉంది. ఏం చేయాలి? (కర్నూలు)

జవాబు: ముందుగా కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల లేచి కూర్చున్నట్టే, బొమ్మ ఒక్కటే బయటికి రావడం లేదు. లైటు కదలకపోతే బోర్డు కార్డు దగ్గరే ఆగిపోయింది. ఈ రెంటికీ మందు వేర్వేరు.

లైటు వెలుగుతుంటే అనుమానం మీ వీజీఏ మీదే. జీటీఎక్స్ 1650 వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్, కొన్నిటికి డీవీఐ-డి ఉంటాయి. వీటిలో ఒక్కదాని నుంచీ వీజీఏకి కావలసిన అనలాగ్ సిగ్నల్ రాదు. ఒక చివర హెచ్‌డీఎంఐ, ఇంకో చివర వీజీఏ ఉండి మధ్యలో ఏమీ లేని ఉత్త కేబుల్ అమ్ముతారు, అది దండగ. లోపల చిప్ ఉన్న కన్వర్టరే కావాలి. దాని పక్కన చిన్న యూఎస్‌బీ రంధ్రం ఉంటే అందులో కరెంటు కూడా ఇవ్వండి, కొన్ని అది లేనిదే లేవవు. పాత డీవీఐ-వీజీఏ పిన్ను అయితే డీవీఐ-డిలోకి దూరదు కూడా. బల్లపరుపు పిన్ను చుట్టూ ఉండే నాలుగు పిన్నులకు అక్కడ రంధ్రాలే ఉండవు, నెట్టకండి. ఇవన్నీ కొనేముందు కార్డు హెచ్‌డీఎంఐ నుంచి ఇంట్లో టీవీకి ఒక వైరు వేసి చూడండి. టీవీలో బొమ్మ వస్తే కార్డు, బోర్డు, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) మూడూ బాగున్నట్టు. వైరు బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి కాకుండా కార్డుకే పెట్టారా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. చాలామంది తప్పేది అక్కడే, అందుకే అడుగుతున్నాం.

నమ్‌లాక్ కదలకపోతే పని బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే, బోర్డు సొంత ప్రోగ్రాంలో) ఉంది. కార్డు తీసి, మానిటర్‌ను బోర్డుకే తగిలించి బయోస్ తెరవండి. 'ప్రైమరీ డిస్‌ప్లే' అనో 'ఇనిట్ డిస్‌ప్లే ఫస్ట్' అనో ఒక వరస ఉంటుంది. అందులో ఆటో, ఐజీఎఫ్ఎక్స్ (లోపలి గ్రాఫిక్స్), పీఈజీ (స్లాట్‌లోని కార్డు) అని కనిపిస్తే పీఈజీ పెట్టండి. స్లాట్ వేగం ఎంచుకునే వరస ఉంటే ఆటో తీసేసి జెన్2 (రెండో తరం వేగం) పెట్టి చూడండి. పాత బోర్డు, కొత్త కార్డు వేగం విషయంలో ఒక మాట మీదికి రాలేక తెర నల్లగా ఉండిపోవడం ఉంటుంది. సేవ్ చేసి ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే కార్డు పెట్టండి. స్లాట్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ గొళ్లెం 'టిక్' మనాలి. కార్డు వెనక రేకు క్యాబినెట్‌కు తగులుకుని ఒక పక్క పైకి లేచి ఉండటం పాత డబ్బాల్లో మామూలే, స్క్రూ బిగించాక మళ్లీ ఒకసారి స్లాట్ వైపు వంగి చూడండి.

మరుసటి రోజుకు సెట్టింగ్ మళ్లీ మొదటికొచ్చి, తేదీ కూడా తప్పు చూపిస్తుంటే బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయింది. కొత్తది మీటర్‌లో 3 వోల్టులకు పైనే చూపుతుంది.

ఇంకా లేవకపోతే బయోస్ అప్‌డేట్. హెచ్61 బోర్డులు తొలిరోజుల బయోస్‌తోనే ఉండిపోతే కొత్త కార్డును గుర్తించకపోవచ్చు. బోర్డు మోడల్‌తో పాటు రివిజన్ నంబర్ కూడా స్లాట్ల దగ్గర అచ్చు వేసి ఉంటుంది, ఆ రెండూ కలిసిన ఫైలే దించుకోండి. ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ నుంచి, యూపీఎస్ మీద ఉండగా చేయండి. మధ్యలో కరెంటు పోతే కార్డు సంగతి అటుంచి బోర్డే పోతుంది. బయోస్‌లో సీఎస్ఎం అనే దాన్ని (పాత పద్ధతిలో విండోస్ లేచేందుకు వీలిచ్చే సెట్టింగ్) ఆపేయమని ఎవరైనా చెబితే మాత్రం ఆగండి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే 'బయోస్ మోడ్' కనిపిస్తుంది. అక్కడ లెగసీ (పాత పద్ధతి) అని ఉండగా సీఎస్ఎం ఆపేస్తే కార్డు లేచినా విండోస్ లేవదు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో 6 పిన్ కనెక్టర్ ఉన్న జీటీఎక్స్ 1060 తీసుకున్నా. నా ఎస్ఎంపీఎస్‌కు ఆ వైరు లేకపోతే సాటా (హార్డ్‌డిస్క్‌కు వెళ్లే పవర్ వైరు) నుంచి మార్చే కన్వర్టర్ ఇచ్చారు. సినిమాలు బాగానే ఆడతాయి. గేమ్ మొదలైన రెండు మూడు నిమిషాలకు సీపీయూ టక్కున ఆగిపోతుంది. ఎస్ఎంపీఎస్ 500 వాట్లది, ప్రాసెసర్ ఐ5-4570. కార్డు మోసమా? (తాడిపత్రి)

జవాబు: కార్డు మంచిదే అయ్యుండాలి. ముందు ఆ సాటా కన్వర్టర్ పీకేయండి, ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు. సాటా పవర్ పిన్నులు 12 వోల్టుల దగ్గర మోయగలిగేది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 6 పిన్ నుంచి కార్డు లాక్కోగలిగేది 75 వాట్లు. ఆ తేడా అంతా ప్లాస్టిక్ మీద వేడిగా తేలుతుంది, కనెక్టర్ పసుపు రంగుకు తిరిగి కరుగుతుంది. కొన్ని తగలబడతాయి కూడా.

ఇక ఆ 500 వాట్ల మాట. పెట్టె మీద పెద్ద అక్షరాలు వదిలేసి, ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్‌లో +12వి అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. చవక రకాల మీద తరచు 14 అనో 16 అనో ఉంటుంది. 14 అనుకుంటే 12 పెట్టి గుణించండి, 168 వాట్లు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్లలో కాగితం మీద చూపించిన లెక్క, మీ కార్డుకు దాంతో పనిలేదు. ఇప్పుడు ఖర్చు వైపు రండి. జీటీఎక్స్ 1060 గరిష్ఠంగా 120 వాట్లు, ఐ5-4570 కి 84, బోర్డు, హార్డ్‌డిస్క్, ఫ్యాన్లకు ఇంకో 35 వేసుకుంటే దాదాపు 240. 168 ఇచ్చేదాన్ని 240 అడిగితే అది ఆగిపోక ఏం చేస్తుంది! ఆగిపోవడం మీ అదృష్టం అనుకోండి, ఆగని రకాలు బోర్డును తీసుకుని పోతాయి.

12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లకు తగ్గని, 80 ప్లస్ ముద్ర ఉన్న 450 వాట్ల ఎస్ఎంపీఎస్ తీసుకోండి. 6+2 పిన్ వైరు దాంట్లోనే వస్తుంది. దాని పక్కనే ప్రాసెసర్‌కు వెళ్లే 4+4 పిన్ వైరు కూడా ఉంటుంది, చూడటానికి కవలల్లా ఉంటాయి. దాన్ని కార్డులోకి బలవంతంగా దూర్చకండి. రెంటిలో 12 వోల్టులు, గ్రౌండ్ ఉండే వరసలు తారుమారు, ఆన్ చేసిన క్షణంలోనే షార్ట్.

ఒక మాట యూపీఎస్ గురించి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. మీ 240 వాట్లకు ఎస్ఎంపీఎస్ నష్టం కలిపితే గోడ దగ్గర 300 దాకా అవుతుంది, మానిటర్ 20. కొత్త బ్యాటరీ మీద ఎలాగో నెట్టుకొస్తుంది గానీ రెండేళ్ల బ్యాటరీ అయితే కరెంటు పోగానే సీపీయూ కూడా పోతుంది. గేమ్ ఆడేటప్పుడే ఇలా జరుగుతోందంటే 1000 వీఏ చూసుకోవాల్సిందే.

ప్రశ్న: కార్డు 83 డిగ్రీలు చూపిస్తోంది, గేమ్ తడబడుతోంది. మా వీధిలో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లున్నాయి, దుమ్ము ఎక్కువ. (యర్రగుంట్ల)

జవాబు: ఎన్విడియా కార్డుల్లో చాలావాటికి 83 దగ్గరే కళ్లెం ఉంటుంది. అక్కడికి చేరగానే వేగం తగ్గించుకుని వేడి పెరగకుండా చూసుకుంటాయి, మీకు కనిపించే తడబాటు అదే. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలుంటే కార్డుకు మిగిలింది 43. సీపీయూ పక్క రేకు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి అదే గేమ్ పది నిమిషాలు ఆడించండి. వేడి 8, 10 డిగ్రీలు దిగితే కార్డులో లోపం లేదు, డబ్బాలోకి గాలి రావడం లేదు. కంప్యూటర్ టేబుల్ కింద అరలో నెట్టినవి, గుడ్డ కవరు తీయకుండానే ఆన్ చేసేవి అన్నీ ఈ బాపతే.

రాతిపొడి మామూలు దుమ్ములా కాదు. హీట్‌సింక్ రేకుల మధ్య అట్టలా పేరుకుంటుంది, పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది. కార్డు బయటికి తీసి, మెత్తని బ్రష్‌తో విదిలించి, ఫ్యాన్ వైపు నుంచి కాకుండా పక్కల నుంచి బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగ్ అరుగుతుంది, తర్వాత గరగర మొదలవుతుంది. తడిగుడ్డ వద్దు. మీ వీధిలో అయితే రెండు నెలలకోసారి ఈ పని తప్పదు.

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఐ5-6500, హెచ్110 బోర్డు. ఎక్స్‌పోర్ట్ త్వరగా అవుతుందని ఆర్ఎక్స్ 6400 వేయించాను. ముందెంత సేపు పట్టేదో ఇప్పుడూ అంతే! డ్రైవర్ మూడుసార్లు మార్చాను. (ప్రొద్దుటూరు)

జవాబు: నాలుగోసారి మార్చినా ఫలితం ఇదే. ఆర్ఎక్స్ 6400 లో వీడియోను హెచ్.264, హెచ్.265 లోకి కుదించే హార్డ్‌వేర్ భాగమే లేదు. చూడటానికి పనికొచ్చే డీకోడర్ ఉంది, ఎన్‌కోడర్ లేదు. కాబట్టి ఎక్స్‌పోర్ట్ భారం మళ్లీ ప్రాసెసర్ మీదే పడింది. దానికితోడు ఈ కార్డు స్లాట్‌లో నిండా కూర్చున్నా వాడుకునేది నాలుగే లేన్లు (డేటా వెళ్లే దారులు). పీసీఐఈ 4.0 (స్లాట్ నాలుగో తరం) బోర్డులో దానికి ఆ నాలుగు చాలు, మీ 3.0 బోర్డులో ఆ దారి సగానికి ఇరుకవుతుంది. 53 వాట్లతో గడిచిపోతుంది, పవర్ వైరు అక్కర్లేదు, అందుకే అమ్మేవాళ్లు పాత సిస్టంలకు ముందు దీన్నే చూపిస్తారు. గేమ్‌లకు సరే, మీ వృత్తికి కాదు.

అయితే ఎన్‌కోడర్ మీ దగ్గర ముందునుంచీ ఉంది. ఐ5-6500 లోపలి గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే ఎన్‌కోడర్ ఉంటుంది. కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను నిద్రపుచ్చుతాయి. బయోస్‌లో 'ఐజీడీ మల్టీ మానిటర్' లాంటి వరసను ఎనేబుల్ చేసి, విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయండి. డివైస్ మేనేజర్‌లో రెండు డిస్‌ప్లే అడాప్టర్లు కనిపించాలి. ఎక్స్‌పోర్ట్‌లో 'హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్' ఎంచుకోండి. కార్డు మార్చుకునే వీలుంటే జీటీఎక్స్ 1650 గానీ, 70 వాట్ల ఆర్టీఎక్స్ 3050 6 జీబీ గానీ తీసుకోండి, రెంటిలోనూ ఎన్‌కోడర్ ఉంది.

ప్రశ్న: కార్డు పెట్టాక క్యాబినెట్ రేకు ముట్టుకుంటే జిల్లుమంటోంది. టీవీకి హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు చిన్న మెరుపు కూడా వచ్చింది. (జమ్మలమడుగు దగ్గరి పల్లె)

జవాబు: కార్డుది తప్పు కాదు, మీ ప్లగ్గుకు ఎర్త్ అందడం లేదు. ఎర్త్ లేనప్పుడు ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల డబ్బా రేకు మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ తేలుతూ ఉంటుంది. కరెంటు బహు స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ అదే హెచ్‌డీఎంఐ గుండా డిష్ వైరు తగిలించిన టీవీలోకి దూకితే కార్డు పోర్టు, టీవీ పోర్టు రెండూ మాడతాయి. ఎర్త్ సరిచేసేదాకా రెండింటి ప్లగ్గులూ పీకి, డిష్ వైరు విప్పి, హెచ్‌డీఎంఐ తగిలించాకే ఆన్ చేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్-ఎర్త్ మధ్య, న్యూట్రల్-ఎర్త్ మధ్య మీటరు పెట్టించండి. మొదటిది 230 దరిదాపుల్లో, రెండోది రెండు మూడు వోల్టుల్లోపు ఉండాలి. ఇంటికి ఎర్త్ గుంత ఉండి కూడా ఇలా ఉంటే నేల ఎండిపోయి ఉండొచ్చు. మన ఎండలకు ఆ గుంతలో వారానికో బిందె నీళ్లు పోయాల్సిందే.

ప్రశ్న: విండోస్ 7 మీద జీటీఎక్స్ 1650 డ్రైవర్ ఎక్కడం లేదు. (గుంతకల్లు)

జవాబు: మీది 32 బిట్ విండోస్ అయ్యుండాలి. ఎన్విడియా 32 బిట్ డ్రైవర్లు 2018 లోనే ఆపేసింది, 1650 వచ్చింది 2019 లో. 64 బిట్ విండోస్ 7 కు 2021 నాటి పాత డ్రైవర్ పనిచేస్తుంది గానీ, దానికోసం తంటాలు పడటం కన్నా ఎస్ఎస్‌డీ వేసి 64 బిట్ విండోస్ 10 పెట్టుకోండి. విండోస్ 10 కి కూడా మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14 తో ఆగాయన్నది గుర్తుంచుకోండి.

ప్రశ్న: తక్కువ ధరకు వచ్చిందని జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ తీసుకున్నాను. డివైస్ మేనేజర్‌లో పేరు సరిగ్గానే చూపిస్తోంది, కానీ ఎన్విడియా సైట్‌లోని డ్రైవర్ వేస్తే కోడ్ 43. వెనక వీజీఏ పోర్టు కూడా ఉంది. (ఆదోని)

జవాబు: ఆ వీజీఏ పోర్టే పట్టిచ్చింది. 1050 టీఐ చిప్ అనలాగ్ సిగ్నల్ ఇవ్వదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం దించుకుని తెరవండి. అసలుదైతే చిప్ పేరు జీపీ107, షేడర్లు (చిప్‌లోని లెక్కలు చేసే భాగాలు) 768, 14 నానోమీటర్లు అని ఉండాలి. మీ దాంట్లో జీఎఫ్106 అనో జీఎఫ్116 అనో, 192 షేడర్లు, 40 నానోమీటర్లు అనో కనిపిస్తే అది జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ కాలం నాటి కార్డుకు బయోస్ మార్చి కొత్త పేరు తొడిగిన సరుకు. పేరు పక్కనే 'ఫేక్' అని కూడా రాస్తుంది. ఏ డ్రైవరూ దీన్ని బాగుచేయదు. ఆ తెర ఫొటో తీసి అమ్మినవాళ్ల ముందు పెట్టి డబ్బు వెనక్కి అడగండి, అది తేలేదాకా కార్డు మీది స్టిక్కర్లు పీకకండి.