మంట మీద కాదు, గోడ మీద కొట్టు

అల్లుడూ,

ఆయిల్ డిపో ఫైర్ క్రూలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఇరవై తొమ్మిదేళ్ళు ఈ పనే చేశాను కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నా.

మూకుడులో నూనె అంటుకుంటే మీ అమ్మ నీళ్ళు పోయదు, మూత పెడుతుంది. ఫోమ్, అంటే మనం కొట్టే నురగ, కూడా పెట్రోలు మీద పెట్టే మూతే. కొత్తవాళ్ళు బ్రాంచిని (హోసు చివరి గొట్టాన్ని) తిన్నగా మంటలోకి గురిపెడతారు. ఆ ఊపుకి నురగ లోపలికి మునిగి పెట్రోలు పట్టుకుని తేలుతుంది, పైగా పెట్రోలు చిందుతుంది. వెనక గోడకి కొట్టు, జారి అదే పరుచుకుంటుంది. గోడ లేకపోతే మంటకి ముందు నేల మీద కొట్టి మెల్లగా తోసుకుంటూ వెళ్ళు.

పరుచుకున్నాక దాని మీదికి ఎవరైనా నీళ్ళ హోసు తెస్తే గట్టిగా అరువు. 1967 జులై 29న అమెరికా యుద్ధనౌక ఫారెస్టల్ మీద తర్ఫీదున్న జట్టు దాదాపు మొత్తం తొలి పేలుళ్ళకే పోయింది. తర్వాత వచ్చిన నావికులు ఒక పక్క ఫోమ్ వేస్తుంటే ఇంకో పక్క సముద్రపు నీళ్ళతో కడిగేశారు. ఆ ప్రమాదంలో మొత్తం 134 మంది చనిపోయారు.

డ్రమ్ము మీద 3% అని ఉంటే 97 లీటర్ల నీళ్ళకి 3 లీటర్ల మందు, అంటే నురగ తయారయ్యే ద్రవం. ఆ మందుని నీళ్ళలోకి లాగే ఇండక్టర్ 6 మీద ఉండిపోయిందా, సరుకు సగం సమయంలోనే ఖాళీ. నిమిషానికి ఇండక్టర్ లీటర్లకీ బ్రాంచి లీటర్లకీ పొంతన లేకపోతే మందే లాగదు. ఒక డ్రిల్లులో రెండు నిమిషాలు ఉత్త నీళ్ళు కొట్టి అందరినీ నవ్వించాను. నిజం మంటైతే నవ్వేవాళ్ళు ఉండరు.

పెట్రోల్లో కలిపే ఇథనాల్ ట్యాంకు మీ దగ్గర కూడా ఉండొచ్చు. ఇథనాల్ నురగలోని నీళ్ళని లాగేసుకుంటుంది, మామూలు ఫోమ్ ఇట్టే విరిగిపోతుంది. దానికి ఆల్కహాల్ రెసిస్టెంట్ రకమే వాడాలి. ఏ డ్రమ్ము ఎక్కడుందో మొదటి వారంలోనే చూసుకో. రెండు రకాలూ ఒకదాంట్లో కలపకు.

సరిపడా డ్రమ్ములు చేరకముందే మొదలెట్టకు. సగం కప్పి ఆపితే వేసిందంతా మంట తినేస్తుంది. అంతవరకూ పక్క ట్యాంకుల్ని చల్లబరుస్తూ ఉండు. కరెంటున్న ప్యానెల్ మీద ఫోమ్ వద్దు.

మా రోజుల్లో మిగిలిన నురగతో జీపు కడిగేవాళ్ళం, చేతులు కూడా. ఎవరూ వద్దనలేదు. పాత ఏఎఫ్ఎఫ్ఎఫ్ (పల్చటి పొర పరిచే రకం ఫోమ్) లోని ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీళ్ళలో పోనే పోవు. ఒంట్లో చేరితే ఏళ్ళ తరబడి ఉంటాయి. వాటిలో పీఎఫ్ఓఎస్‌ని 2009లో, పీఎఫ్ఓఏని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద కట్టడి చెయ్యాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. ప్రాక్టీసుకి ఫ్లోరిన్ లేని ట్రైనింగ్ ఫోమ్ అడుగు, ఇవ్వకపోతే నీళ్ళతోనే చెయ్యి. డ్రైనులోకి వదలనివ్వకు. మీ డిపో ఫ్లోరిన్ లేని ఫోమ్‌కి మారితే ఒక్కటి గుర్తుంచుకో: పాతదానిలా అది పెట్రోలు మీద పల్చటి పొర పరచదు, నురగే దిక్కు. కాబట్టి నెమ్మదిగా, మెత్తగా వెయ్యడం ఇంకా అవసరం.

చేరగానే డ్రమ్ముల మీది తేదీలు రాసుకుని నాకు చెప్పు.

మీ మామయ్య