తాళం వేసి పంపినా వ్యాపారికి కనపడే గుట్టు

ప్రశ్న: మాది నల్లగొండ, ఎంసీఏ చదువుతున్నా. బత్తాయి రైతుల కోసం మొబైల్ ఏజెంట్ మీద ప్రాజెక్టు చేస్తున్నాం. అంటే ఫోన్ యాప్ కాదు. రైతు తరఫున ఒక వ్యాపారి సర్వర్ నుంచి ఇంకో వ్యాపారి సర్వర్‌కు తానే వెళ్లి, అక్కడే రన్ అయి, టన్ను రేటు కనుక్కొచ్చే ప్రోగ్రామ్. రైతెవరో, ఎంతవరకు దిగుతాడో వ్యాపారికి తెలియొద్దు. మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనివాళ్లు చదవలేని రహస్య రూపంలోకి మార్చి పంపితే చాలదా?

జవాబు: చాలదు. దారిలో ఎవరూ చూడకుండా అది కాపాడుతుంది గానీ, రన్ కావాలంటే వ్యాపారి మెషిన్‌లో విప్పాల్సిందే, విప్పాక మెమరీలో ఉన్నదంతా ఆయన చేతిలో ఉన్నట్టే. విప్పకుండానే లెక్క చేయించే దారి ఉందని 1998లో సాండర్, చుడిన్ అనే పరిశోధకులు కొన్ని రకాల లెక్కలకు చూపించారు, 2009లో క్రెయిగ్ జెంట్రీ దాన్ని ఏ లెక్కకైనా సాధ్యం చేశారు. అయినా మీ పనికి అది సరిపోదు, ఎందుకో చూడండి. రైతు కనీస ధర 16 వేలు అనుకుందాం. ఏజెంట్ అక్కడికక్కడే ‘సరే’, ‘కాదు’ అని చెబితే, వ్యాపారి దాని కాపీ ఒకటి దాచుకుని 20 వేలు కొడతాడు, సరే అంటుంది, 18 కొడతాడు, సరే, 16, సరే, 15 అనగానే కాదంటుంది. ఏ ఎన్‌క్రిప్షనూ విప్పకుండానే గుట్టంతా బయటపడిపోయింది!

అందుకే నా మాట వినండి, కనీస ధరను ఏజెంట్‌లో పెట్టనే పెట్టొద్దు. రైతు పబ్లిక్ కీ మాత్రం ఇచ్చి పంపండి, అంటే దానితో ఎవరైనా తాళం వేయొచ్చు, విప్పే కీ మాత్రం రైతు దగ్గరే ఉంటుంది. ప్రతి వ్యాపారీ తన రేటు మీద డిజిటల్ సంతకం చేసి, ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఏజెంట్‌లో వేస్తాడు. పక్క వ్యాపారి ఎంత చెప్పాడో ఇంకొకరికి తెలియదు, రైతు ఇంటి దగ్గర విప్పుకుని పోల్చుకుంటాడు. ఎవరెవరి దగ్గరికి వెళ్లాలో జాబితా కూడా రైతు దగ్గర ఉండాలి, లేకపోతే ముందువాళ్ల రేటు ఎవరైనా పీకేసినా తెలియదు.

ఇక పేరు దాచడం. ఫోన్ నుంచి నేరుగా మొదటి వ్యాపారికి పంపితే ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఆ ఫోన్ చిరునామా, అక్కడే దొరికిపోతుంది, పంపినవారి చిరునామా దాచే టార్ లాంటి నెట్‌వర్క్ మీదుగా పంపండి. ప్రతి ప్రయాణానికీ కొత్త కీ తయారు చేయండి, పాత కీనే వాడితే పోయిన నెల వచ్చింది వీళ్లేనని పట్టేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ‘తిప్పర్తి దగ్గర ఏడెకరాల తోట’ అని అందులో రాసి ఉంటే ఎంత క్రిప్టోగ్రఫీ పెట్టినా దండగే, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

ప్రశ్న: పేరే లేకపోతే, వచ్చింది నిజంగా రైతు ఏజెంటేనని వ్యాపారి ఎట్లా నమ్మాలి? – మహబూబ్‌నగర్ పాఠకురాలు

జవాబు: న్యాయమైన అనుమానం. దీనికి గ్రూప్ సిగ్నేచర్ ఉంది, 1991లో చౌమ్, వాన్ హేస్ట్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. రైతు సంఘంలో ఒక సభ్యుడు సంతకం చేశాడని వ్యాపారి సరిచూసుకోగలడు, ఏ సభ్యుడో మాత్రం తెలియదు. తగాదా వస్తే సంఘం దగ్గరున్న ప్రత్యేక కీతో పేరు బయటికి తీయొచ్చు. ఆ కీ ఒక్కరి చేతిలో ఉంటే మాత్రం నాకు భయమే. షమీర్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిన పద్ధతిలో దాన్ని ముక్కలు చేసి ముగ్గురికి పంచండి, కనీసం ఇద్దరు కలిస్తేనే పనిచేసేటట్టు.