శ్రావణం ముందు పార్లర్ లెక్కలు

బెంగళూరు కగ్గదాసపురలో చాలాకాలంగా బ్యూటీపార్లర్ నడుపుతూ, ఎందరో అమ్మాయిలకు పని నేర్పిన అక్కయ్య ఈ శీర్షికలో మీ ప్రశ్నలకు జవాబులు చెబుతారు.

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. పెళ్లయి బెంగళూరు వచ్చాక ఇంటి కింది గదిలో పార్లర్ పెట్టుకున్నాను. నాతోపాటు ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది. పోయిన శ్రావణంలో మాత్రం వరలక్ష్మీ వ్రతం ముందు రెండు రోజులూ మెట్ల దాకా జనం. చూసి చూసి చాలామంది వెళ్లిపోయారు. అదే వారంలో పెళ్లి ఆర్డర్లు కూడా పడ్డాయి. ఈసారి ఇంకో కుర్చీ కొని, ఇంకో అమ్మాయిని పెట్టుకుని, సరుకు రెండింతలు తెచ్చుకుందాం అంటున్నారు మా ఆయన. అప్పు చెయ్యాల్సి వస్తుంది. చెయ్యమంటారా?
ఒక సోదరి, మున్నెకొళ్లాల

జవాబు: అప్పు చెయ్యొద్దు చెల్లెమ్మా. కుర్చీ కూడా వద్దు. మన వ్యాపారంలో గిరాకీ ఏడాది పొడవునా ఒకేలా రాదు. కొన్ని రోజుల మీద కుప్పగా వచ్చిపడుతుంది. ఆ రోజుల్లో చాలనిది నీ చెయ్యి, నీ గంటలు. సరుకు కాదు. కాబట్టి ఆషాఢం ఖాళీగా ఉందని బాధపడకుండా ఈ నెలలోనే గంటలు లెక్క వేసుకో.

ముందు వ్రతం సంగతి. వెళ్లిపోయినవాళ్లు దేనికోసం వచ్చారో గుర్తు తెచ్చుకో. ఎక్కువమంది ఐబ్రోస్‌కి, అప్పర్ లిప్‌కి వచ్చి ఉంటారు. పది నిమిషాల పని. వాళ్లకంటే ముందు గంటకు పైగా ఫేషియల్ నడుస్తూ ఉంటుంది, ఆ వెనక చేతులకూ కాళ్లకూ వ్యాక్సింగ్ కోసం ఇంకొకరు కాచుకుని ఉంటారు. ఇంట్లో కలశం సర్దాలి, తాంబూలాలు కట్టాలి, పిండివంటలు మొదలుపెట్టాలి. ఇన్ని పనులున్న ఇల్లాలు పది నిమిషాల పనికి రెండు గంటలు ఎలా కూర్చుంటుంది? అందుకని బుధ, గురువారాల్లో ఉన్న కుర్చీల్లోనే ఒకటి తలుపు దగ్గర వెలుతురులోకి జరుపు. త్రెడింగ్‌లో చెయ్యి తిరిగిన అమ్మాయిని అక్కడే ఉంచు. ఆ రెండు రోజులూ ఆమెను ఇంకే పనికీ పిలవకు.

ఫేషియల్, బ్లీచ్ ఆ రెండు రోజుల్లో అసలు పెట్టుకోవద్దు. ఇది రద్దీ గురించి మాత్రమే చెప్తున్న మాట కాదు. బ్లీచ్ పడక కొందరికి ముఖం ఎర్రబడుతుంది, వ్యాక్సింగ్ తర్వాత సన్న పొక్కులు లేస్తాయి. ఇవి తగ్గడానికి వ్యవధి ఉండాలి. కాబట్టి శ్రావణానికి ముందొచ్చే అమావాస్యకు పది రోజుల ముందే నీ కస్టమర్లందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు: ఫేషియల్, బ్లీచ్, వ్యాక్సింగ్ వ్రతానికి ముందు వారంలో చేయించుకోండి, అలా చేయించుకున్నవాళ్లకు వ్రతం ముందు త్రెడింగ్‌కి టైమ్ రాసిపెడతాం అని. డిస్కౌంట్ ఇవ్వాల్సిన పని లేదు. ఆ రోజుల్లో వాళ్లకు కావలసింది వేచి ఉండక్కర్లేకపోవడమే.

ఇక పెళ్లిళ్లు. ఇక్కడే పార్లర్లు దెబ్బతినేది. మంచి ముహూర్తం ఊరందరికీ ఒకటే కనుక నీకు రెండు ఆర్డర్లు వచ్చిన పొద్దునే నీకు తెలిసిన ప్రతి బ్యూటీషియన్‌కీ ఆర్డర్ ఉంటుంది. ఆఖరి నిమిషంలో ఎవరూ దొరకరు. పంచాంగం అద్దం పక్కనే తగిలించుకో. మనకూ కన్నడవాళ్లకూ ఆషాఢం పోతే ముహూర్తాలు మొదలు. తమిళులది సౌరమానం, వాళ్ల ఆడి మాసం జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఉంటుంది, అందులో పెళ్లిళ్లు పెట్టుకోరు. కాబట్టి వాళ్ల ఆర్డర్లు ఒక్కో ఏడాది మనవాళ్లకంటే ఆలస్యంగా మొదలవుతాయి. గురు మూఢం, శుక్ర మూఢం, అధిక మాసం ఉన్నాయేమో చూసుకో. అవి ఉంటే ఆ నెల పెళ్లిళ్లన్నీ మిగిలిన కొద్ది ముహూర్తాల మీదికి వచ్చి చేరతాయి.

ఇప్పుడు ఒక్క పెళ్లికూతురికి ఎంత సమయం పడుతుందో చూద్దాం. ముహూర్తం ఉదయం ఆరూ ముప్పావుకు అనుకో. చాలామంది కొత్తవాళ్లు ఆరున్నరకు రెడీ చేస్తే చాలనుకుంటారు. మన పెళ్లిలో పెళ్లికూతురు ముందు గౌరీపూజకు కూర్చోవాలి, అంటే ఐదున్నరకే తయారై ఉండాలి. చీరకు అరగంట, జడకూ పూలకూ గంట, మేకప్‌కు గంటన్నర. రెండున్నరకు బ్రష్ చేతిలో ఉండాలి. మండపం ఎక్కడో ఎలక్ట్రానిక్ సిటీ అవతల ఉంటే అర్ధరాత్రి దాటగానే ఇల్లు కదలాలి. ఆపైన పెళ్లికూతురు తల్లి, పిన్ని, వదిన "ఈ చీర ఒక్కటి కట్టిపెట్టమ్మా" అంటారు. కాదనలేం. ఆ చీరలన్నీ ముందురోజే తెప్పించుకుని కుచ్చిళ్లు, పైట మడతలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్ది ఇవ్వు. దానికి విడిగా డబ్బు తీసుకో. తెల్లవారుజామున చీరకు ఐదు నిమిషాలు చాలుతుంది.

జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తి మీద అని కేశాలంకరణ చేసేటప్పుడు మరిచిపోకు. ఫొటోల్లో చూసి నడినెత్తిన ఎత్తుగా పఫ్ పెట్టమంటారు. పెట్టావంటే ముహూర్తం వేళ ఆ ముద్ద నిలవదు, జారి నుదుటి మీదికి వస్తుంది. పాపిడి తీసి, నడినెత్తి చదునుగా ఉంచి, ఎత్తు కావాలంటే వెనక్కి జరుపు. పాపిడిబిళ్ల మీదుగా బాసికం కడతారు, ఆ తాడు చెవుల వెనక ఎక్కడ పోతుందో చూసి పిన్నులు దానికి అడ్డం రాకుండా గుచ్చు. చాలా ఇళ్లలో జీలకర్ర బెల్లం అయ్యాక మధుపర్కం చీరకు మారుస్తారు. ఆ తర్వాత తలంబ్రాలు. పసుపు బియ్యం ముఖం మీదా, మెడ మీదా, జడలోనూ పడుతుంది. కాబట్టి మేకప్ వేసి ఇంటికొచ్చే పని కాదిది. నువ్వు గానీ, నీ మనిషి గానీ తలంబ్రాల దాకా మండపంలో ఉండాలి. ఉంటామని ముందే చెప్పు, ఆ సమయానికి కూడా రేటు కట్టు.

కన్నడవాళ్ల పెళ్లి అయితే ఇక్కడ రిసెప్షన్ చాలావరకు ముందురోజు సాయంత్రమే పెట్టుకుంటారు. రాత్రి పదకొండుకు స్ప్రే కొట్టిన జుట్టు విప్పి, చిక్కు తీసి, తెల్లవారుజామున మళ్లీ జడ వెయ్యాలి. అది ఒక ఆర్డర్ కాదు, రెండు. రేటు మాట్లాడేటప్పుడు రెండుగానే మాట్లాడు.

ఇదంతా కలిపి నీకు నేను చెప్పేది: ఒక ముహూర్తానికి ఒక్క పెళ్లికూతురు. వ్రతం వారంలో బుధవారం నుంచి శుక్రవారం దాకా పెళ్లి ఆర్డర్ ఒప్పుకోవద్దు. రాత్రంతా నిద్రలేని చెయ్యి కనుబొమ్మల మీద దారం పట్టకూడదు, బ్లేడు అసలే పట్టకూడదు. వద్దన్న ఆర్డర్ పోతుందని భయపడకు. ఇంటి దగ్గర నుంచి పనిచేసే ఇద్దరు ముగ్గురు మేకప్ ఆర్టిస్టులతో ఆషాఢంలోనే మాట్లాడుకో. నీ దగ్గర నిండితే వాళ్లకు పంపు, వాళ్ల దగ్గర నిండితే నీకు పంపుతారు.

కొత్త అమ్మాయి గురించి అడిగావు. పని నేర్చుకుంటున్న అమ్మాయిని రద్దీ రోజుల్లో కస్టమర్ ముఖం మీద పెట్టొద్దు. దానికి బదులు రెండు వారాలకు ఒక సహాయకురాలిని పెట్టుకో. ఫోన్ ఎత్తడం, టైమ్ రాయడం, గిన్నెలు కడగడం, టవళ్లు మార్చడం, నేల ఊడవడం ఆమె చూసుకుంటుంది. నీ ఇద్దరమ్మాయిల పూర్తి సమయం పనికే మిగులుతుంది. ఆ ఇద్దరి సెలవులు కూడా ఇప్పుడే అడుగు. ఈ ఊళ్లో మన పనిలో ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, నేపాలీ పిల్లలు చాలామంది ఉన్నారు. దసరాకు ఊరెళ్లేవాళ్లు కొందరు, క్రిస్మస్‌కు వెళ్లేవాళ్లు కొందరు. రైలు టికెట్లు వాళ్లు ఎప్పుడో తీసుకుంటారు. ఆ రోజుల్లో పెళ్లి ఒప్పుకున్నాక ఆ సంగతి తెలిస్తే లాభం లేదు. తెల్లవారుజాము పనికి ఆడపిల్లను పంపేటప్పుడు రానూ పోనూ క్యాబ్ ఖర్చు నీదే. ఇంటికి చేరానని మెసేజ్ వచ్చేదాకా నువ్వు మేలుకుని ఉండాలి. పొద్దున్నుంచీ నిలబడి పనిచేసే పిల్లలకు మధ్యాహ్నం అరగంట కూర్చుని అన్నం తినే వేళ ఉండాలి. ఆ అరగంటకు అపాయింట్‌మెంట్ ఇవ్వొద్దు. దీని మీద నేను ఏ కస్టమర్ మాటా వినను.

సరుకు గురించి రెండు మాటలు చాలు. చిక్‌పేట చుట్టుపక్కల హోల్‌సేల్ అంగళ్లలో తెచ్చుకుంటే దారం, వ్యాక్స్, స్ట్రిప్స్, దూది, వాడి పారేసేవన్నీ కాస్త ఎక్కువే తెచ్చుకో, పాడుకావు. క్రీములు, ఫేషియల్ కిట్లు, ఫౌండేషన్లు మాత్రం లెక్కగా తీసుకో. చవగ్గా వస్తున్నాయంటే డబ్బా తిప్పి గడువు తేదీ చూడు. పూలు నువ్వు కొనకు. వరలక్ష్మీ వ్రతం వచ్చిందంటే కేఆర్ మార్కెట్‌లో కనకాంబరం, మల్లె ధరలు ఎక్కడికి పోతాయో నీకు తెలుసు. పూలజడ ఖర్చు పెళ్లివారిదే అని అడ్వాన్స్ తీసుకునే రోజే కాగితం మీద రాసి ఇవ్వు.

ప్రశ్న: పండగ ముందురోజు గోరింటాకు పెట్టించుకునేవాళ్లు గంటలో నల్లగా పండాలని ఆ కోన్లే అడుగుతున్నారు అక్కా. లేదంటే పక్క వీధికి పోతున్నారు. ఏం చెయ్యను?
ఒక పాఠకురాలు, బొమ్మనహళ్లి

జవాబు: పోనివ్వమ్మా. ఆకు గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. తీసినప్పుడు నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపులోకి తిరుగుతుంది. గంటలో నల్లబడే కోన్లలో చాలావాటిలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది నేరుగా చర్మం మీద పెడితే కొందరికి బొబ్బలెక్కి మచ్చలు మిగులుతాయి. ఒకసారి అలా పడకపోయిన మనిషికి ఆ తర్వాత జుట్టుకు రంగు వేసినా ముఖం వాచే ప్రమాదం ఉంది, అది జీవితాంతం పోదు. చిన్నపిల్లల చేతులకు పెట్టమని తీసుకొస్తారు చూడు, అప్పుడు నాకు గుండె ఆగినంత పని అవుతుంది. మెహందీ రెండు రోజుల ముందే పెట్టించుకోమని చెప్పు. వ్రతం శుక్రవారమైతే బుధవారం రాత్రి. జుట్టు రంగుకు వచ్చేవాళ్లకు కూడా 48 గంటల ముందు చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ కొంచెం రాసి చూడాలి. పాత కస్టమర్ అయినా సరే.

ప్రశ్న: వర్షం పడితే కరెంటు పోతోంది. ఇన్వర్టర్ ఉన్నా హెయిర్ డ్రయ్యర్ పెట్టగానే ఆగిపోతోంది. దానికి తోడు మాది బోరు నీళ్లు. హెయిర్ స్పా చేసినా జుట్టు బిరుసుగానే ఉంటోందని కస్టమర్ల ఫిర్యాదు.
ఒక సోదరి, వర్తూరు

జవాబు: తప్పు ఇన్వర్టర్‌ది కాదు తల్లీ. పార్లర్ డ్రయ్యర్లు 1200 నుంచి 2000 వాట్ల దాకా లాగుతాయి, ఇంటి ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకునేది. దాని మీద లైట్లు, ఫ్యాన్లు, ఒక వ్యాక్స్ హీటర్ నడిపించు. అదైనా ఎన్ని వాట్లో వెనక చూసి. డ్రయ్యర్ పనులు కరెంటు నిలకడగా ఉండే పూటకు పెట్టుకో, లేదంటే సీజన్ నెలలకు జనరేటర్ కనెక్షన్ ఇస్తారేమో బిల్డింగ్ ఓనర్‌ను అడుగు. నీళ్ల విషయానికొస్తే, గట్టి నీళ్లలో షాంపూ సరిగ్గా నురగ రాదు, ఉప్పు వెంట్రుక మీద నిలిచిపోతుంది. తల కడిగే బేసిన్ పైపుకు నీళ్ల గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ ఒకటి పెట్టించుకుంటే మంచిది. అప్పటిదాకా ఆఖరి కడుగు మాత్రం మంచినీళ్ల క్యాన్‌తో కడుగు. తలకు రెండు మగ్గులు చాలు. కొత్త కుర్చీ కొనే డబ్బుంటే అది ముందు దీనికి పెట్టు.

ప్రశ్న: జీఎస్టీ తగ్గింది కదా, రేట్లు తగ్గించమని కస్టమర్లు అడుగుతున్నారు. మాది చిన్న పార్లర్, జీఎస్టీ నంబరే లేదు. సీజన్‌లో కాస్త పెంచుదామనుకుంటే ఈ గొడవ.
ఒక పాఠకురాలు, హోస రోడ్డు

జవాబు: 2025 సెప్టెంబర్ 22 నుంచి బ్యూటీపార్లర్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే ఆ 5 శాతం కట్టేవాళ్లకు, క్రీముల మీదా పరికరాల మీదా ముందే కట్టిన పన్నును మినహాయించుకునే వీలు లేదు. నంబరు లేని నువ్వు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యడం లేదు కాబట్టి నీ రేట్లో తగ్గించడానికి ఆ పన్నే లేదు. అడిగినవాళ్లకు ఈ మాటే నెమ్మదిగా చెప్పు. బిల్లు మీద జీఎస్టీ అని మాత్రం పొరపాటున కూడా రాయకు.

సేవల వ్యాపారంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. నగదు అయినా యూపీఐ అయినా లెక్క ఒకటే. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వచ్చిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఇంటి ఖర్చులకు బంధువులు పంపే డబ్బు కూడా పార్లర్ క్యూఆర్ కోడ్‌లోనే పడుతుంటే ఈ నెలలోనే దానికి వేరే ఖాతా పెట్టుకో. రేటు పెంచాలనుకుంటే పెంచు, తప్పు లేదు. కానీ వ్రతం ముందురోజు మనిషి కుర్చీలో కూర్చున్నాక చెప్పొద్దు. కొత్త పట్టిక శ్రావణం మొదటి రోజు నుంచి అమలని తేదీ వేసి, ఇప్పుడే తలుపు మీద అతికించు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే.